బడి గడప దగ్గర చట్టం



విద్యాహక్కు చరిత్రలో తెలుగునేలకు పెద్ద చోటే ఉంది. కాపిటేషన్ ఫీజుల మీద ఆంక్షలు చెల్లవంటూ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు సుప్రీంకోర్టుకెక్కిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 1993 నాటి ఆ తీర్పులో ప్రధాన భాగం రాసినవారు మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. పద్నాలుగేళ్లు నిండేదాకా ప్రతి బిడ్డకూ ఉచిత విద్య ప్రాథమిక హక్కని అందులో తేల్చారు. ఫీజుల కోసం వేసిన వ్యాజ్యంలోంచి పిల్లల హక్కు పుట్టుకొచ్చింది.

2002లో 86వ సవరణ ఆ హక్కును 21ఎ అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కించింది. ఎక్కిస్తూనే ఆరేళ్ల లోపు పిల్లల్ని బయట వదిలేసింది. కోర్టు గీయని కింది హద్దును పార్లమెంటు గీసింది. అంగన్‌వాడీ ఈడు బిడ్డకు చదువు ఈనాటికీ పథకమే, హక్కు కాదు. ఇది చిన్న లోటంటే నేను ఒప్పుకోను. ఒకటో తరగతిలో మన కళ్లబడే తేడాలు చాలావరకు అంతకుముందే పడిపోయి ఉంటాయి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మన చర్చలన్నీ ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల చుట్టూ తిరుగుతున్నాయి. అవసరమైన చర్చే. కానీ ఇవాళ నేను ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లాలనుకుంటున్నాను.

ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణ బట్టీలకు వస్తాయి. వానలు వెలిశాక వచ్చి, మళ్లీ వానలు పడేలోగా వెళ్లిపోతాయి. అలా వచ్చిన కుటుంబంలోని ఓ పిల్ల, జూన్‌లో తెరిచిన బడికి నడిమధ్యలో వస్తుంది. టీసీ ఏదీ? పుట్టిన తేదీ కాగితం ఏదీ? ఇప్పుడా చేర్చేది? తల్లిని ఇలా అడగడానికి వీల్లేదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం 5వ సెక్షన్ ప్రకారం తప్పు. వయసు రుజువు లేదన్నా, గడువు దాటిందన్నా 14, 15 సెక్షన్లు ఒప్పుకోవు. ఈడుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇమ్మంటుంది 4వ సెక్షన్. వీలైనంతవరకు అమ్మ భాషలోనే చెప్పమంటుంది 29వది. ఒడియా తప్ప మరోటి రాని ఆ పిల్లకు దీనికన్నా ముఖ్యమైన సెక్షన్ ఏముంది?

ఇన్ని ఉన్నా, బడి వద్దంటే ఏం చేయాలి? 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వారు మూడు నెలల్లో తేల్చాలి. బట్టీ పని సాగేదే ఆరేడు నెలలు. తీర్పు వచ్చేసరికి కాలం సగం కరిగిపోతుంది, ఆ పిల్ల తిరుగు ప్రయాణానికి దగ్గరపడుతుంది.

వలస పిల్లల ఫిర్యాదులకు ఈ గడువును వారం రోజులకు కుదించాలని ఈ సభ తరఫున మొదటి తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా మీ చేతుల్లో ఉంది. సవరణలుంటే మధ్యాహ్న సమావేశంలోగా అందజేయండి.