ఒంటి లెక్క



షుగరుకు మంచిదని రాగి సంగటి కడుపునిండా తినేవాణ్ణి. భోజనమైన రెండు గంటలకు ఇంట్లో గ్లూకోమీటరుతో చూస్తే 246! ముద్ద సగం చేసి, ఆకుకూర పప్పు పెంచితే 170కి దిగింది.

మరోనాడు మాత్ర వేసుకుని, టిఫిను తినకుండానే గండికోట వెళ్లాను. రంగనాథస్వామి గుడి దగ్గర చెమటలు, వణుకు. ఎండ వల్ల అనుకున్నాను. మనవడు మిషనుతో చూస్తే 62. 70 లోపు ప్రమాదం. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాడు. 15 నిమిషాలకు 96.

చేతులు సబ్బుతో కడిగి, ఆరాక వేలి పక్కన గుచ్చండి. పండ్ల రసం అంటినా అంకె తప్పుతుంది. తేదీ, వేళ, అంకె పుస్తకంలో రాసి డాక్టరుగారికి చూపండి. మాత్రలు మీరే మార్చకండి. ఆఫీసులో రాయని లెక్కను మనం నమ్మలేదు. ఒంటి లెక్కా అంతే. సెలవు.