సహాధ్యాయుల తొలి శ్రవ్యసంచిక



పాడ్‌కాస్టు అను మాట క్రొత్తది. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్స్‌లీ అను ఆంగ్ల పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో వ్రాసిన వ్యాసమున ఈ పదమును ప్రయోగించెను. 2005లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చుటతో అది లోకమంతట వ్యాపించెను. విషయము మాత్రము సులభమైనదే. ఒకరు మాటలాడి నిలువచేసినదానిని వినువారు తమకు తీరికయైన వేళ విందురు. పూర్వము రేడియో శ్రోత గడియారము చూచుకొని పెట్టెయొద్ద కూర్చుండవలసివచ్చెడిది. ఇచట ఆ నిర్బంధము లేదు. షిఫ్టులలో బ్రతుకు సాగించు ఉక్కునగరమునకు ఇది యెంత అనుకూలమో చెప్పనక్కరలేదు.

భిలాయి కర్మాగారమునకు సోవియట్ దేశముతో 1955లో ఒప్పందము కుదిరినది; తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. ఆ పనికై వచ్చిన తెలుగు కుటుంబములలో నేడు మనుమల తరము ఎదిగినది. ఇంట తెలుగు వినుచు, బడిలో హిందీ, ఇంగ్లీషు లిపులనే నేర్చిన పిల్లలకు తెలుగు చెవికి అందును గాని కంటికి అందదు. ఎంత శ్రద్ధతో సంచిక అచ్చువేసినను అట్టివారికి అది బొమ్మల పుస్తకమే!

హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో నివసించు ఒకే తరగతి విద్యార్థు లిద్దరు, ఉద్యోగవిరమణ చేసిన తాతగారిచే మాటలాడించి తొలి సంచిక తయారుచేయ బూనిరనుకొనుడు. మొదటి విరోధి చప్పుడు. ఇనుము కోయు రంపములు, లారీల హారనులు అచటివారి చెవులకు అలవాటై వినబడవు. మైకు కట్టి మొగమాటము లేదు, అన్నిటిని పట్టుకొనును. దీనికై స్టూడియో కట్టనక్కరలేదు. పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న చిన్నగది చాలును. ఫోనును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కకు పెట్టినచో ‘ఫ’, ‘భ’ పలుకునప్పటి గాలి దెబ్బ తగులదు.

రెండవ విరోధి తమ కంఠమే. మాటలాడునపుడు మన స్వరము గాలి ద్వారానే కాక, పుర్రె యెముకల ద్వారా కూడ మన చెవికి చేరును; అందుచే అది మనకు గంభీరముగ తోచును. యంత్రములో గాలి భాగమే నిలుచును. "ఛీ, ఇది నా గొంతేనా?" అని పలువురు ఈ మెట్టుననే చాలించుకొందురు. పక్కనున్న సహాధ్యాయి "నీ గొంతు ఎప్పుడూ ఇంతేరా" అనుట ఇచట గొప్ప సహాయము. అయితే ఆ చనువే కీడు కూడ చేయును. సగము వాక్యమునకే ఇరువురు నవ్వుకొందురు. శ్రోత గడప వెలుపల నిలిచిపోవును.

అన్నిటికంటె కష్టము ప్రశ్న అడుగుట. "తాతయ్యా, నువ్వు భిలాయి ఎప్పుడొచ్చావు?" అన్నచో ఒక సంవత్సరము చెప్పి ఊరకుండును. "రైలు దిగిన రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అన్నచో కథ మొదలగును. నడుమ ఆయన ఆగిన చోట కత్తెర వేయరాదు. ఆయన శ్రీకాకుళపు యాసను దిద్దనూ రాదు. (ఈ మాట గ్రాంథికమున చెప్పబడుచుండుట వింతయే.)

ఇందుకు తెలుగునాట మంచి నిదర్శనము కలదు. జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామమున 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్‌పై ప్రారంభమైనది. దాని వెనుక డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు, ముందు ఇద్దరు నరసమ్మలు — ‘జనరల్’ నరసమ్మ, అల్గోలు నరసమ్మ. లైసెన్సు రాకమునుపే వారు విత్తనములను, పంటలను, పాటలను గూర్చి తమ ప్రాంతపు పలుకుబడిలోనే మాటలు నిలువచేసిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినను, స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతి విధానము 2006లో గాని రాలేదు. హథ్‌ఖోజ్ విద్యార్థికి నేడు ఏ అనుమతియు అక్కరలేదు.

ప్రభుత్వ అనుమతి మాట అది. తాత అనుమతి వేరు. మాటల వేడిలో ఆయన పాత తగవునొకదానిని, ఒకరి పేరును చెప్పి, మరునాడు "ఆ ముక్క తీసెయ్యండర్రా" అనవచ్చును. సంచికకు ప్రాణము ఆ ముక్కయే యని ఒక విద్యార్థి, మాట ఇచ్చితిమి గదా యని రెండవవాడు వాదులాడుకొనక మానరు. వారి స్నేహమునకు నిజమైన పరీక్ష మైకు కాదు, ఇదియే. రెండవవాని పక్షమే న్యాయము. ప్రకటించు ప్రతిలో ఆ ముక్క ఉండరాదు. కోయని మూలప్రతిపై తాతగారి పేరు, తేదీ, ఊరు వ్రాసి ఆయన యింటనే ఉంచవలెను. ‘క్రొత్తది 1’ అని పేరుపెట్టి ఫోనులో వదలినచో ఆరు మాసములకు ఎవరికిని దొరకదు.