తడినేలలో గొడుగు తుంగ



నూతిగట్టు ప్రక్కనో, కుళాయి క్రిందనో తడి యారని మూల యొకటి చాల ఇండ్లలో నుండును. అచట బంతి వేసినను, కనకాంబరము నాటినను వేళ్లు కుళ్లిపోవును. అట్టి మూలకు తగినది గొడుగు తుంగ.

తుంగ యనగానే రైతు కనుబొమలు ముడుచుట సహజము. చేలలో దానిని పీకి పీకి నడుము విరిగినవారికి, పెరటిలో నాటుమనుట పరిహాసముగా తోచవచ్చును. కాని చేనిని చెరచు తుంగముస్త నేలలోపల గడ్డలను గొలుసుకట్టుగా అల్లుకొనిపోవును. గొడుగు తుంగకు అట్టి గడ్డలు లేవు. పొట్టి దుంపవేరుతో గుబురుకట్టి పెరుగును. ఆఫ్రికా, మడగాస్కరు ప్రాంతములు దీని పుట్టినిల్లు. కాండము మూడు నాలుగు అడుగులు నిలువుగా ఎదిగి, కొనయందు పచ్చని రేకులను గొడుగు కమ్ములవలె విప్పును. అసలు ఆకులు మొదట తొడుగులుగా మాత్రమే మిగిలియుండును.

గ్రంథాలయమునకును ఈ కుటుంబముతో చుట్టరికము కలదు. దీని దగ్గరి బంధువైన పపైరస్ అను తుంగ కాండములోని బెండును చీల్చి, పరచి, అదిమి ఈజిప్టువారు వేలయేండ్ల క్రిందటనే వ్రాతపత్రములు చేసికొనిరి. పేపరు అను మాట ఆ పేరునుండియే పుట్టినది.

గుబురును కత్తితో చీల్చి నాటుట సులభము. అంతకంటె వింతయైన మార్గము మరియొకటి కలదు. గొడుగును రెండంగుళముల కాడతో కోసి, రేకులను సగమునకు కత్తిరించి, నీటిగిన్నెలో తలక్రిందుగా నుంచినచో కొన్ని వారములలో నడిమినుండి వేళ్లును మొలకలును వచ్చును. పిల్లలచేత చేయింపదగిన పని యిది. పిదప చివికిన పెంట కలిపిన మట్టిలో నాటి, తడి ఆరకుండ చూచిన చాలును. నీటిని మాత్రము నిలువనీయరాదు. తుంగ యున్నదని దోమలు గ్రుడ్లు పెట్టుట మానవు.

ఇచట నొక హెచ్చరిక. గుర్రపుడెక్కను కూడ తొలుత పూవుల అందమునకై దక్షిణ అమెరికానుండి తెచ్చిరి. అది నేడెన్ని చెరువులను కప్పివేసినదో చెప్పనక్కరలేదు. గొడుగు తుంగయు కొన్ని దేశములలో తోటలు దాటి వాగుల గట్లకు ప్రాకినది. గిన్నెలో మొలచిన గొడుగు కాలువలో మొలవకుండునా? కావున దీనిని తొట్టిలో నాటి, ఆ తొట్టిని తడినేలలో సగము పాతవలెను. పూగుత్తులు గోధుమవన్నెకు తిరుగకమునుపే కోయవలెను. కోసిన తుక్కును కాలువలో పారవేయక, బాగుగ ఎండబెట్టి పెంటకుప్పలో వేయవలెను.