నాలుగవ దిక్కును అట్టముక్కలతో చూపిన గృహిణి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో క్షేత్రగణితమేల యని కొందరనుకొనవచ్చును. నేను చెప్పబోవు విషయమున ఘనకార్యము చేసిన యామె ఏ విశ్వవిద్యాలయమునను చదివినది కాదు. ఆమె తల్లి గ్రంథాలయమున పనిచేసినది. కావున ఇది మన సభకు వెలియైన మాట కాదు.

ఒక ఆకృతిలో ఎక్కడనైనను రెండు చుక్కలు పెట్టి, వానిని తిన్నని గీతతో కలుపుడు. ఎచ్చట పెట్టినను గీత యంతయు ఆకృతిలోనే యుండినచో దానిని కుంభాకారమందురు. నిమ్మపండు అట్టిది. నెలవంక అట్టిది కాదు. దాని రెండు కొమ్ములను కలిపిన గీత వెలుపలికి పోవును. ఇక, ముఖములన్నియు ఒకే కొలతగల సమభుజ సమకోణ రూపములై, ప్రతి మూలయందును ఒకే సంఖ్యలో కూడునట్టి కుంభాకార ఘనరూపములు ఎన్ని? ఐదే. యూక్లిడ్ తన పదుమూడవ గ్రంథము చివర దీనిని నిరూపించెను. కారణము మన వడ్రంగులు వినినంతనే ఒప్పుకొందురు. మూలయొద్ద కూడు కోణముల మొత్తము 360 డిగ్రీలకు తక్కువగా నుండవలెను. సమభుజ త్రికోణపు కోణము 60 డిగ్రీలు. అట్టివి మూడు, నాలుగు, ఐదు కూడవచ్చును. ఆరు కూడినచో బల్లపరుపై పోవును, మూల లేవదు. చతురస్రములు మూడు కూడవచ్చును, పంచభుజులు మూడు కూడవచ్చును. షడ్భుజులు మూడు కూడిన తేనెపట్టువలె చదునగును.

ఇంతవరకు చేతికందు లెక్క. నాలుగవ దిక్కు మాట ఎత్తగానే జనులు బెదరుదురు. కొందరందు దయ్యములను గూడ వెదకిరి. ఆ భయమక్కరలేదు. ఒక రైతు వరి, మినుము, వేరుసెనగ, చెరకు అను నాలుగు పంటలలో దేనిని ఎన్ని యెకరములు వేయవలెనో ఆలోచించుచున్నాడనుకొనుడు. నాలుగు పంటలకు నాలుగు అంకెలు. అనగా నాలుగు దిక్కులు. భూమి యింత, నీరింత, కూలీలింత, పెట్టుబడి యింత అను ప్రతి పరిమితియు ఒక గోడ. సున్నకు తక్కువ వేయరాదనునదియు గోడయే. ఆ గోడల నడుమ మిగిలిన చోటు నాలుగు పరిమాణముల కుంభాకార రూపము. ఇట్టివానిని గణితజ్ఞులు పాలిటోప్‌లందురు. లాభము ఎకరముల లెక్కనే పెరుగునదైనచో, అత్యధిక లాభము దాని యేదో యొక మూలయందు తప్పక దొరకును. 1947లో అమెరికాయందు జార్జి డాంట్‌జిగ్ మూలనుండి మూలకు నడచుచు దానిని పట్టుకొను పద్ధతిని కనిపెట్టెను.

మనము చెప్పుకొన్న ఐదు రూపములకు సాటియైన కుంభాకారములు నాలుగవ పరిమాణమున ఎన్ని? స్విట్జర్లాండు దేశస్థుడు లుడ్విగ్ ష్లాఫ్లీ 1852 నాటికే ఆరు అని తేల్చెను. ఐదు మొదలుకొని పై పరిమాణములన్నిటను మూడేసి యనియు చెప్పెను. దిక్కులు పెరుగగా రూపములు తగ్గుటేమి యని నాకిప్పటికిని వింతగనే యుండును. ఆయన గ్రంథము సంపూర్ణముగా అచ్చుపడినది ఆయన గతించిన ఆరేండ్లకు, 1901లో.

ఆ సంగతి యేమియు నెరుగకయే అలీషియా బూల్ అను నామె ఆ యారింటిని తనంతట కనుగొనెను. ఆమె 1860లో ఐర్లండున జన్మించెను. తండ్రి జార్జి బూల్ స్వయంకృషిచే గణితాచార్యుడైనవాడు. ఆమెకు నాలుగేండ్ల ప్రాయముననే గతించెను. తల్లి మేరీ లండనులో నొక స్త్రీల కళాశాలయందు గ్రంథాలయపు పనిలో చేరెను. ఈ మేరీకి పెదతండ్రి జార్జి ఎవరెస్టు. హిమశిఖరమునకు పెట్టిన పేరు ఆయనదే. కృష్ణా గోదావరుల నడుమ నేలను త్రికోణములతో కొలిచినవాడును ఆయనయే. అలీషియా బావగారు హింటన్ కొయ్యతో చేసిన చిన్న ఘనములను తెచ్చి, వానితో నాలుగవ దిక్కును ఇంటివారికి నేర్పజూచెను. గురువును మించినది అలీషియా.

ఆమె మార్గమిది. నిమ్మపండును నీటిలో మెల్లగా ముంచుడు. నీటిమట్టమున మొదట చుక్క, తరువాత పెరుగు వలయము, పిదప తరుగు వలయము, కడపట మరల చుక్క. నీటిపై ప్రాకు పురుగునకు పండు కనబడదు, వలయములే కనబడును. నాలుగు పరిమాణముల రూపము మన లోకముగుండ సాగినచో మనకును అట్లే ఘనరూపములు పెరిగి తరిగినట్లు తోచును. ఆ యారింటిలో నొకదానిని 600 చతుర్ముఖులు చుట్టియుండును. దానిని మూలవైపునుండి కోసినచో, అచ్చట 20 చతుర్ముఖులు కూడియుండుటచే, ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క త్రికోణము తెగి, మొట్టమొదట ఇరువది ముఖముల ఘనము వెలువడును. ఇట్టి కోతలన్నిటిని ఆమె యూక్లిడ్ రేఖలతోనే సాధించి, అట్టలు కత్తిరించి అంటించి నిలిపెను.

1890లో వాల్టర్ స్టాట్‌ను వివాహమాడి, ఇద్దరు బిడ్డల తల్లియై సంసారమున మునిగెను. హాలండు ఆచార్యుడు స్ఖౌటే ఇదే విషయమున వ్రాసినదానిని భర్త చూపగా, ఆమె తన నమూనాల ఛాయాచిత్రములను ఆయనకు పంపెను. ఆచార్యుని లెక్కయు గృహిణి అట్టయు సరిపోయెను! ఆయన ఇంగ్లండునకు వచ్చి ఆమెతో కలిసి పనిచేసెను. 1900లోను 1910లోను ఆమె వ్యాసములు ఆమ్‌స్టర్‌డాంలో అచ్చుపడెను. పాలిటోప్ అను మాటను ఆంగ్లమునకు తెచ్చినదియు ఆమెయే. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. స్ఖౌటే అంతకు ముందటి యేడే గతించెను. 1930లో, డెబ్బదియేండ్ల వయస్సున, కాక్స్‌టర్ అను యువ గణితజ్ఞునితో మరల పనికి పూనుకొనెను. 1940లో ఆమె పరమపదించెను. ఆమె చేసిన అట్ట నమూనాలు గ్రోనింగెన్‌లోను కేంబ్రిడ్జిలోను భద్రముగా నున్నవి.