మన వెబ్‌సైటును ఉగాదినాడు ఎందుకు తెరవడం లేదు?

(ఉగాదికి ముందటి ఆదివారంనాడు నాందేడులో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది ఆహ్వాన పత్రిక మీ ఇండ్లకు ఇదివరకే చేరి ఉంటుంది. అందులో పంచాంగ శ్రవణము తరువాత, పిల్లల నాటికకు ముందు, సంఘ వెబ్‌సైటు ప్రారంభోత్సవము అని ఒక పంక్తి ఉన్నది. ఆ పంక్తిని కొట్టివేసుకొనవలసినదిగా మిమ్ములను కోరడానికి నన్ను ఇక్కడ నిలబెట్టినారు. తెరవవద్దని మొదట అన్నవాడను నేనే గనుక జవాబు చెప్పవలసినవాడను కూడా నేనే. నేను పది చదివి, మా నాయన పోయిన తరువాత రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. వెబ్‌సైటు కట్టే విద్య నాకు రాదు. 14 ఏండ్లుగా కిటికీకి ఇవతల కూర్చుండి, అవతల నిలుచున్నవారు కాగితం మీద ఎక్కడ తడబడతారో చూచినాను. నాకున్న అర్హత అంతే.

ఈ వెబ్‌సైటు మంచిది కాదని నేను అనడం లేదు. విద్యార్థుల ఫీజు సహాయానికి ఇన్నాళ్లు కాగితపు దరఖాస్తులే గదా! కిన్వట్ నుండి, దెగ్లూరు నుండి, ధర్మాబాద్ నుండి ఒక తల్లి ఆ కాగితం ఇవ్వడానికి ఒకరోజు కూలి, బస్సు ఛార్జీలు వదులుకొని రావాలి. వచ్చిన రోజున కార్యదర్శిగారు ఊళ్లో లేకపోతే మళ్లీ రావాలి. ఆ తిప్పట తప్పించాలని మన కుర్రవాడొకడు పూణేలో పగలు ఉద్యోగం చేసుకొంటూ, రాత్రులు మేలుకొని, ఒక్క పైసా తీసుకోకుండా ఈ వెబ్‌సైటు తయారుచేసినాడు. అతడు ఈ సభలోనే ఉన్నాడు. నేను చెప్పబోయే తప్పులు అతని తప్పులని దయచేసి ఎవరూ అనుకోకండి.

అతడు మొదట చూపించిననాడు అంతా సాఫీగా నడిచింది. పేరు వ్రాసినాడు, నొక్కినాడు, రసీదు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టినాము. అధ్యక్షులవారు నా వైపు తిరిగి, "నీవు కౌంటరు మనిషివి, ఒకసారి నీవు కూడా చూడు" అన్నారు. అక్కడ వచ్చింది చిక్కు.

మా రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. కొత్త మార్గం వేసిన ఇంజనీరు తానే చూచుకొని, తానే బాగున్నదని చెప్పి ప్రయాణీకుల బండి వదలడానికి వీలులేదు. రైల్వే భద్రతా కమిషనరు వచ్చి, మోటారు ట్రాలీ మీద వంతెన వంతెనకూ ఆగి చూచి, ఆపైన వేగంగా బండి నడిపించి చూచి నివేదిక ఇవ్వాలి. 1989 రైల్వే చట్టంలో ఆ సంగతి ఉన్నది. విచిత్రమేమిటంటే ఆ కమిషనరు రైల్వే మంత్రిత్వశాఖ క్రిందివారు కారు, పౌర విమానయాన శాఖ క్రిందివారు. విమానాల శాఖకు రైలు పట్టాలతో ఏమి పని అని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నవ్వుకొన్నాను. మా పెద్ద గుమాస్తాగారు చెప్పినారు: కట్టినవాని చేతి క్రింద చూచేవాడు ఉండకూడదని 1941లోనే రైల్వే బోర్డు నుండి వారిని వేరుచేసినారట. మన కుర్రవాడు తాను వేసిన దారిలో తాను నడిచినాడు. గుంట ఎక్కడున్నదో తెలిసినవాని కాలు గుంటలో పడదు.

కాబట్టి రెండు ఆదివారాలు సంఘం గదిలో కూర్చుండి, దారి తెలియనివారిని పిలిచి నడిపించినాను. 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. ఏమి చేసినాము, ఏమి జరగాలి, ఏమి జరిగింది, ఈ మూడింటినీ ప్రతి పంక్తిలో వ్రాసినాను.

మొదట ఒక అవ్వను కూర్చుండబెట్టినాను. మనుమనికోసం దరఖాస్తు. పేరుకు మూడు గడులున్నవి. మహారాష్ట్ర పద్ధతి మీకు తెలుసు గదా, తన పేరు, తండ్రి లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. నడిమి గడి నింపకపోతే ఎర్ర అక్షరాలు వచ్చి ముందుకు పోనివ్వవు. అవ్వ నా ముఖం చూచి, "నాకు నడుమ పేరేడిది బిడ్డా? మా ఆయన పేరు రాయాల్నా, మా నాయిన పేరు రాయాల్నా?" అన్నది. ఇంటిపేరు ముందు పెట్టే మనకు ఏది మొదటిదో ఏది చివరిదో తేలలేదు. ఇంకొకాయన తన ఇంటిపేరును పొడి అక్షరంగా వ్రాస్తే, ఒక్క అక్షరం చాలదన్నది. ఆయన ఆధార్ కార్డులో ఉన్నదే ఒక్క అక్షరం! ఆధార్‌లో ఉన్నట్లు వ్రాయమని చెప్పేదీ అదే, వ్రాస్తే కాదనేదీ అదే. ఇక లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఎక్స్ పెట్టి వ్రాసేవారు ఉన్నారు, కే ఎస్ హెచ్ పెట్టి వ్రాసేవారు ఉన్నారు. ఒకే తల్లి రెండు విధాల వ్రాస్తే వెబ్‌సైటు ఆమెను ఇద్దరు మనుష్యులుగా లెక్కపెట్టింది.

బాసర ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లవాని చిరునామా వేస్తే పిన్‌కోడు తప్పన్నది. మన జిల్లా పిన్‌కోడు 4తో మొదలవుతుంది, గోదావరి వెంట కొన్ని స్టేషన్లు దాటితే తెలంగాణలో 5తో మొదలవుతుంది. కుర్రవానికి ఆ 5 తోచలేదు. కుటుంబ సభ్యుల పట్టికలో నాలుగు గడులే. మా రిజర్వేషను ఫారములోనైనా ఆరుగురికి చోటుంటుంది. ఉమ్మడి కుటుంబంవారు మిగిలినవారిని ఎక్కడ వ్రాయాలి?

తెలుగు అక్షరాల సంగతి వేరే కథ. తెరమీద చక్కగా ఉన్నవి గాని, రసీదు అచ్చువేస్తే అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు వచ్చినవి. పాత ఫోన్లలో వత్తులు క్రిందికి దిగక ప్రక్కన నిలుచున్నవి. ఇంతకంటె నాకు బాధ కలిగించినది ఇంకొకటి. తల్లిదండ్రుల తరఫున ఫోను నొక్కేది పిల్లలు. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, మరాఠీ బడిలో చదువుకొంటారు, తెలుగు చదవడం చాలామందికి రాదు. ఒక 12 ఏండ్ల అమ్మాయి చివరి బటన్ దగ్గర ఆగిపోయింది. నేను చదివి వినిపించినాను, సమర్పించు అని. "అంటే గుడిలో ఇచ్చుడా మామా?" అని అడిగింది. ఇప్పుడు దానిని పంపు అని మార్చి, క్రింద మరాఠీలో పాఠవా అని కూడా వేసినాము. వెబ్‌సైటు పరీక్షకు కూర్చున్న నాకు మన తెలుగు బడి సంగతి గుర్తుకు వచ్చింది. అది ఈనాటి విషయము కాదు, వదిలిపెడతాను.

చందా కట్టే చోట ఒక రూపాయి కట్టి చూచినాను. ఫోను ఆలస్యం చేసినందున రెండుసార్లు నొక్కినాను, కౌంటరు ముందు నిలుచున్నవారు ఎవరైనా ఆ పనే చేస్తారు. రెండు రూపాయలు పోయినవి, రసీదు ఒకటే వచ్చింది. రూపాయి గనుక నవ్వినాము. అది మీ 1,000 రూపాయల చందా అయి ఉంటే?

ఇవన్నీ దిద్దుకోదగినవే. వీటికోసం నేను ప్రారంభోత్సవం ఆపమని అనేవాడిని కాను. నేను ఆపమన్నది రెండవ ఆదివారం సాయంకాలం కనిపించినదాని వల్ల.

దరఖాస్తు పంపిన తరువాత దానిని మళ్లీ చూచుకొనే పుట ఒకటి ఉన్నది. ఆ పుట చిరునామా చివర నా దరఖాస్తు నంబరు 41 అని ఉన్నది. చేయి ఊరుకోలేదు. 41ని చెరిపి 42 అని కొట్టినాను. ఇంకొకరి దరఖాస్తు తెరుచుకొన్నది. పరీక్ష నిజంలాగా ఉండాలని పోయిన యేటి అసలు దరఖాస్తులనే అందులో ఎక్కించి ఉంచినారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, సహాయం అడగడానికి కారణము, అన్నీ నా కండ్ల ముందర ఉన్నవి. కారణము అనే గడిలో ఆ తల్లి తన ఇంటి సంగతి వ్రాసుకొన్నది. ఆ మాటలు నేను ఇక్కడ చెప్పను. ఆమె ఈ సభలో కూర్చుండి ఉండవచ్చు. నేను చదవకూడనిది చదివినాను, వెంటనే మూసివేసినాను. 43 కొట్టి చూడలేదు. కొట్టవలసిన అవసరం లేదు.

కుర్రవానికి ఫోను చేసినాను. "అన్నా, లాగిన్ పెట్టిన గదా, పాస్‌వర్డ్ లేనిది ఎవ్వలూ లోపలికి రారు" అన్నాడు. నిజమే, నేను పాస్‌వర్డుతోనే వెళ్లినాను. బండెక్కడానికి టికెట్ ఉన్నదా అని అడిగినారు గాని, ఈ బెర్తు నీదేనా అని ఎవరూ అడగలేదు. ఆ మాట చెప్పగానే అతనికి అర్థమైంది. కొంతసేపు అవతలినుండి మాట రాలేదు. ఆ రాత్రే పాత దరఖాస్తులన్నీ అందులోనుండి తీసివేసి, రెండు రాత్రులు కూర్చుండి దిద్దినాడు. దిద్దిన తరువాత ఏమైనది? ఎవరి దరఖాస్తు వారికి కూడా తెరుచుకోలేదు! ఒక నట్టు బిగిస్తే ప్రక్క నట్టు వదులైంది. అందుచేత ఒకటి దిద్దినప్పుడల్లా నోటుబుక్కులో మొదటి పంక్తి నుండి మళ్లీ చూడవలసి వస్తున్నది. 63 పంక్తులలో ఇంకా 22 మిగిలి ఉన్నవి.

కార్యవర్గంలో చర్చ జరిగింది. కొంచెం వేడిగానే జరిగింది. పత్రికలు అచ్చయినవి, ముఖ్య అతిథి ఒప్పుకొన్నారు, ముందు తెరచి తరువాత దిద్దుకొందామని పెద్దలు కొందరన్నారు. పెద్దల మాట కాదనడం నాకు సులభం కాదు. అయినా అమెరికా సంగతి చెప్పినాను. అక్కడి ప్రభుత్వం ఆరోగ్య బీమాకోసం 2013 అక్టోబరు 1న ఒక వెబ్‌సైటు తెరిచింది. లక్షల మంది వచ్చిపడినారు. మొదటి రోజు పని పూర్తిచేసుకోగలిగినవారు ఆరుగురు. లక్షలు కాదు, వేలు కాదు, ఆరుగురు. వేర్వేరు కంపెనీలు చేసిన భాగాలను కలిపి మొదటినుండి చివరిదాకా పరీక్షించినది చివరి రెండు వారాలలోనే అని ఆ కంపెనీలవారే అక్కడి కాంగ్రెసు ముందు చెప్పినారు. తారీఖు మాత్రం ముందే ప్రకటించి ఉన్నారు. డబ్బు లేకనా, ఇంజనీర్లు లేకనా?

మన దగ్గరిదే ఇంకొకటి చెప్పినాను. ఇప్పుడు ఏ ఊరి కౌంటరులోనైనా ఏ ఊరినుండి ఏ ఊరికైనా టికెట్ ఇస్తున్నాము. ఆ కంప్యూటరు పద్ధతి పేరు కాన్సర్ట్. దేశమంతటా ఒక్కరోజున మీట నొక్కలేదు. 1994లో మన సికింద్రాబాదులో మొదట పెట్టినారు. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు, ఈ అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిసేసరికి 1999 ఏప్రిల్ వచ్చింది. 2002లో ఇంటర్నెట్టు మీద టికెట్లు మొదలైనప్పుడు కూడా, టికెట్ కాగితాన్ని కొరియరులో ఇంటికి పంపేవారు. కొత్త దారి పడేవరకు పాత దారి మూయలేదు.

అధ్యక్షులవారు అంతా విని, "ఈ యేటి పేరే పరాభవము, దానిని మనమే ముహూర్తం పెట్టి పిలవడమెందుకు?" అన్నారు. అందరూ నవ్వినారు, నిర్ణయమైపోయింది. ముఖ్య అతిథిగారికి కార్యదర్శిగారు స్వయంగా వెళ్లి చెప్పినారు. నన్ను తప్పుపట్టినవారు లేకపోలేదు. మెట్రిక్ చదివిన గుమాస్తా ఇంజనీరు పిల్లవాని పని చెడగొట్టినాడని బజారులో ఒకరు అన్నట్లు నా చెవిని పడింది. ఆ పిల్లవాడు మాత్రం అనలేదు. నిన్న రాత్రి రైలు దిగి తిన్నగా మా ఇంటికి వచ్చి, నోటుబుక్కు ఫోటోలు తీసుకొని వెళ్లినాడు.

ఇప్పుడు మీతో పని. ఈ జూన్ ఫీజు సహాయానికి కాగితపు దరఖాస్తులు ఎప్పటివలెనే తీసుకొంటాము. ఏ పిల్లవాని ఫీజూ ఆగదు. ఉగాది వెళ్లిన తరువాత వచ్చే రెండు ఆదివారాలు, ఉదయం 10 గంటలనుండి సంఘం గదిలో మళ్లీ పరీక్ష పెడుతున్నాము. ఫోను బాగా వచ్చిన యువకులు నాకు వద్దు, వారు ఎలాగైనా దారి చేసుకొని పోతారు. అరవై దాటినవారు రావాలి. కిన్వట్ వైపు సిగ్నలు సరిగా అందని ఊళ్లవారు తమ ఊళ్లోనే కూర్చుండి ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయిందో నాకు ఫోనులో చెప్పాలి. అద్దం పగిలిన ఫోను ఉంటే తప్పక తీసుకొనిరండి. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు మాత్రం ఇంటిదగ్గరే పెట్టి రండి. పరీక్షకోసం కల్పించిన పేర్లు, నంబర్లు మేమే వ్రాసి ఉంచినాము. మీకు తోచినట్లు నొక్కండి, తప్పుగా నొక్కండి, మధ్యలో ఆపి టీ త్రాగి వచ్చి మళ్లీ నొక్కండి. ఏదైనా చెడిపోతే భయపడి ఫోను జేబులో పెట్టుకోకండి, అలాగే పట్టుకొని నా దగ్గరకు రండి. గదిలో ఛార్జింగు ప్లగ్గులు రెండే ఉన్నవి, కాబట్టి ఫోన్లు నిండా ఛార్జి చేసుకొని రావలసినదిగా మనవి.