ఇంగ్లీషు పరీక్ష ముందు మన బిడ్డ ఒంటరి కారాదు
(ఇబ్రహీంపట్నంలో ఇంటర్మీడియట్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పగలంతా పనిచేసి అలసిన మీరు ఇషా నమాజు తరువాత ఇళ్ళకు పోకుండా ఇక్కడ కూర్చున్నారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. మేము ఉపాధ్యాయులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. ఉర్దూ మాధ్యమంలో చదివి ఉద్యోగంలో చేరిన మాకు ఇంగ్లీషు నేర్పినవి ఫైళ్ళే. మా అనుభవం మీ బిడ్డలకు కొంతైనా ఉపయోగపడుతుందనే ఆశతోనే ఈ నాలుగు మాటలు చెప్పదలచాము.

మా మొహల్లాలో ఒక స్కూటరు మెకానిక్ కుమార్తె ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసింది. అన్నిటిలోనూ ఉత్తీర్ణురాలై ఇంగ్లీషులో మాత్రం తప్పింది. వారం తిరగకముందే ఇంట్లో పెళ్ళి మాటలు మొదలైనవి. సప్లిమెంటరీ ఫారం నింపించుకోవడానికి ఆ బిడ్డ మా వద్దకు వచ్చినప్పుడు, ఏ ప్రశ్నలు వదిలివేశావమ్మా అని అడిగాము. "లేఖ వదిలేశాను తాతా. గైడులో బట్టీ పట్టిన లేఖ రాలేదు" అన్నది. నానమ్మకు ఉర్దూలో ఒక ఉత్తరం వ్రాసి చూపమన్నాము. పది నిమిషాలలో చక్కగా వ్రాసింది. అంటే ఆ బిడ్డకు చెప్పవలసిన మాట ఉన్నది, దానిని క్రమంలో పెట్టే తెలివి ఉన్నది. సొంతంగా ఇంగ్లీషులో ఒక పుట వ్రాసే అవకాశమే పన్నెండేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు. నెల రోజులు ప్రతి సాయంత్రం కూర్చోబెట్టి వ్రాయించాము. సప్లిమెంటరీలో గట్టెక్కింది. నేడు డిగ్రీ చదువుతున్నది. పెళ్ళి మాట తండ్రే వాయిదా వేశాడు.

ఒక్క సబ్జెక్టు ఒక జీవితాన్ని ఎటు తిప్పుతుందో చెప్పడానికే ఈ సంగతి చెప్పాము. 2006లో సచార్ కమిటీ నివేదిక మన సమాజపు చదువుల వెనుకబాటును దేశం ముందు పెట్టింది. 2007 నుండి మనలో వెనుకబడిన 14 వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉన్నది. విదేశాలలో ఉన్నత విద్యకు వెళ్ళే మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం రూ.20 లక్షల వరకు ఉపకారవేతనం ఇచ్చే పథకమూ ఉన్నది. దానికి ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ వంటి ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు కావాలి. ఇవన్నీ ఎన్నో అర్జీలు పెట్టి, ఎన్నో ధర్నాలు చేసి సాధించుకున్నవి. ఆ తలుపుల వరకు వెళ్ళకముందే మన బిడ్డ ఇంటర్ ఇంగ్లీషు దగ్గర ఆగిపోతే, సాధించుకున్న హక్కు కాగితం మీదనే మిగిలిపోతుంది.

పరీక్ష ఎట్లా ఉంటుందో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు రావాలి. 2023-24 విద్యా సంవత్సరం నుండి మొదటి సంవత్సరం ఇంగ్లీషుకు కూడా ప్రాక్టికల్ పెట్టారు. దానికి 20 మార్కులు, రాత పరీక్షకు 80 మార్కులు. అనగా ఇప్పుడు వ్రాయడంతో పాటు మాట్లాడటానికి, విని అర్థం చేసుకోవడానికి కూడా మార్కులు ఉన్నవి. మౌనంగా బట్టీ పట్టే పద్ధతి ఇక సరిపోదు.

మన బిడ్డలు చేసే తప్పులకు కారణాలు ఉన్నవి. ఆ కారణాలు తెలిస్తే కోపం తగ్గుతుంది. ఉర్దూలో 'వో' అంటే అతడు, ఆమె కూడా. అందుచేత ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ 'హి' అనవలసిన చోట 'షి' అని వ్రాస్తాడు. తెలుగులో అతడు, ఆమె వేరువేరు. కనుక తెలుగు బాగా వచ్చిన బిడ్డకు ఆ తేడా ముందే తెలుసు, దానిని గుర్తు చేస్తే చాలు. ఉర్దూలోను, తెలుగులోను క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. మనవారు 'స్కూల్'ను 'ఇస్కూల్' అని, 'స్టేషన్'ను 'ఇస్టేషన్' అని పలుకుతారు. ప్రాక్టికల్‌కు ముందు ఇటువంటి ఇరవై మాటలు అద్దం ముందు నిలబడి పలికితే ఆ అలవాటు సడలుతుంది. రెండు భాషలు తెలిసిన బిడ్డ మూడవదానికి బలహీనుడు కాడు. మన ఇళ్ళలో రెండు భాషలు ఉండటం లోపమని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇక గుమాస్తాగా మేము నేర్చుకున్న పద్ధతి చెబుతాము. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం పాత ఫైళ్ళలోని మంచి లేఖలను చేతితో ఎత్తి వ్రాసేవారము. తరువాత ఫైలు మూసి అదే విషయాన్ని మా మాటలలో వ్రాసి, రెండింటినీ పోల్చి చూసేవారము. ఆరు నెలలకు ముసాయిదా మా చేతితోనే తయారైంది. మీ బిడ్డ కూడా రోజుకు ఒక్క లేఖ ఇట్లాగే వ్రాయాలి. మంచినీరు రావడం లేదని మునిసిపల్ కమిషనరుకు, బస్సు సమయం మార్చమని డిపో మేనేజరుకు, సెలవు కోరుతూ ప్రిన్సిపాలుకు వ్రాయవచ్చు. తేదీ, చిరునామా, విషయం, సంబోధన, మూడు చిన్న పేరాలు, సంతకం ఉంటే లేఖ నిలబడుతుంది. లేఖలోనూ, ఫారం నింపే ప్రశ్నలోనూ పద్ధతికే సగం బలం. మన వీధి సమస్య మీదనే వ్రాయిస్తే అది పరీక్షకూ పనికివస్తుంది, రేపు నిజమైన అర్జీకీ పనికివస్తుంది.

పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, గడియారం పెట్టి మూడు గంటలు కదలకుండా వ్రాయించండి. వారానికి ఒక్కటి చాలు. తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాయించండి, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనీయకండి.

మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి సహాయం చేయగలమని తల్లులు అడుగుతారు. అమ్మా, మీరు చేయగలిగినది చాలా ఉన్నది. రాత్రి భోజనం దగ్గర ఆనాటి పాఠాన్ని ఉర్దూలోనో తెలుగులోనో కథగా చెప్పమనండి. చెప్పలేకపోతే పాఠం అర్థం కాలేదని మీకు ఇంగ్లీషు రాకపోయినా తెలుస్తుంది. పదిహేను నిమిషాలు పైకి చదవమని, పక్కన కూర్చుని వినండి. ఆ గంట టీవీ ఆపండి, ఫోను మీ వద్ద పెట్టుకోండి. ఆడపిల్లకు వంటపని, మగపిల్లవానికి చదువు అనే పంపకం పరీక్షల నెలలోనైనా మానండి.

2024, 2025 సంవత్సరాలలో ఇంటర్ పరీక్షల రోజులలోనే రంజాన్ మాసం కూడా పడింది. దానిని అడ్డంకిగా చూడనక్కరలేదు. సహరీ తరువాత ఫజర్ నమాజు చేసి చదివే గంట దినంలో కెల్లా ప్రశాంతమైనది. ఆ మాసంలో ఇఫ్తార్ పనులు బిడ్డ మీద పెట్టకుండా, తరావీహ్ తరువాత త్వరగా నిద్రపోనిస్తే చాలు.

ఫలితాలు వచ్చిన నాడు కూడా బిడ్డను ఒంటరిగా వదలవద్దు. 2019లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంవత్సరమే తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా నమోదైన సంగతీ బయటపడింది. మార్కుల మెమో దైవవాక్యం కాదు. రీకౌంటింగు, రీవెరిఫికేషను కోరే హక్కు ఉన్నది. తన జవాబుపత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉన్నదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తప్పినా కొద్ది వారాలలోనే సప్లిమెంటరీ ఉన్నది. బిడ్డకు ఈ సంగతి ఫలితాల తరువాత కాదు, పరీక్షలకు ముందే చెప్పి ఉంచండి.

మన వంతు మనం చేస్తూనే, ప్రభుత్వం వంతు కూడా అడగాలి. మీ బిడ్డ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుని పోస్టు ఖాళీగా ఉంటే, ఎప్పటి నుండి ఖాళీగా ఉన్నదో సమాచార హక్కు కింద వ్రాసి అడగండి. నోటి మాట గాలికి పోతుంది. ఇన్‌వర్డు నంబరు పడిన కాగితానికి జవాబు ఇవ్వక తప్పదు. ఇది మేము ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్న సత్యం.

ఇంగ్లీషు చదివితే మన భాష, మన దీన్ దూరమవుతాయని కొందరు పెద్దలు భయపడతారు. ప్రవక్త (స) ఆదేశంపై జైద్ బిన్ సాబిత్ (ర) యూదుల లిపిని కొద్ది రోజులలోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలలో ఉన్నది. మన ఊరి పేరు వినగానే గుర్తుకు వచ్చే ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండ సింహాసనం ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకుని తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పరభాష నేర్చినందువలన ఆయన తనవారికి పరాయివాడు కాలేదు. మన బిడ్డలూ కారు.

చివరగా ఒక్క మనవి. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత మేము ఇక్కడే కూర్చుంటాము. ప్రతి ఇంటి నుండి ఒక బిడ్డను, ఒక పాత ప్రశ్నపత్రాన్ని, ఒక తెల్లకాగితాల పుస్తకాన్ని పంపండి. చదువుకున్న యువకులు వారానికి రెండు గంటలు ఇవ్వండి. మాకు తెలిసినది మేము చెబుతాము, తెలియనిది బిడ్డలతో కలిసి నేర్చుకుంటాము. అల్లాహ్ మన బిడ్డల శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.