పాల సంఘానికి సౌరవిద్యుత్తు: పెట్టుబడి ఎంత? తిరిగి వచ్చేదెప్పుడు?

(ప్రాథమిక పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



బల్క్ కూలర్ ఉన్న సంఘాలలో ఇప్పుడొక ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టిస్తే డబ్బు ఎన్నేళ్ళకు తిరిగి వస్తుంది? అమ్మవచ్చినవారు ఐదారేళ్ళని చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. కాని అన్ని సంఘాలకూ నిజం కాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ముందుగా కొలతలు. ఒక కిలోవాట్ ప్యానెళ్ళకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ప్రాంతపు ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు వస్తాయి. ప్యానెళ్ళు పాతికేళ్ళ పాటు పనిచేస్తాయి గాని దిగుబడి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇన్వర్టరును పదేళ్ళకొకసారి మార్చవలసి రావచ్చు.

ఇక మన అవసరం. 35 డిగ్రీల వెచ్చదనంతో వచ్చిన పాలను 4 డిగ్రీలకు దించడానికి వెయ్యి లీటర్లకు, యంత్రం స్థితిని బట్టి, 15 నుండి 20 యూనిట్లు ఖర్చవుతాయి. రోజుకు 2,000 లీటర్లు సేకరించే సంఘానికి మోటారు, దీపాలు కలుపుకొని 40 యూనిట్లు అనుకుందాం. 10 కిలోవాట్ల ప్యానెళ్ళు ఇచ్చేదీ అంతే. కాగితం మీద సరిపోయింది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఎండ వేళ వేరు, పాల వేళ వేరు. ఎండ మెండుగా ఉండేది పది నుండి మూడు గంటల వరకు. పాలు వచ్చేది తెల్లవారి, మళ్ళీ సాయంత్రం. సాయంత్రపు పాలు చల్లబడే సమయానికి సూర్యుడు ఉండడు. కనుక మధ్యాహ్నపు కరెంటును ఎక్కడో దాచాలి. దానికి సులభమైన మార్గం నెట్ మీటరు. మనం వాడని యూనిట్లు లైనులోకి పోయి, రాత్రి వాడిన యూనిట్లలో తగ్గుతాయి.

ఉదాహరణకు కిలోవాట్‌కు రూ. 55,000 చొప్పున 10 కిలోవాట్లకు రూ. 5,50,000, యూనిట్ ధర రూ. 8 అనుకుందాం. నెట్ మీటరు ఉండి 14,000 యూనిట్లూ లెక్కలోకి వస్తే ఏడాదికి రూ. 1,12,000 ఆదా. శుభ్రపరచడం, బీమా, ఇన్వర్టరు నిధి కింద రూ. 15,000 తీసివేయగా మిగిలేది రూ. 97,000. పెట్టుబడి ఐదేళ్ళ ఎనిమిది నెలలకు తిరిగి వస్తుంది.

నెట్ మీటరు లేక వంద యూనిట్లలో 40 మాత్రమే వాడుకోగలిగితే? ఆదా రూ. 44,800, ఖర్చులు పోగా రూ. 29,800. అదే పెట్టుబడి తిరిగి రావడానికి పద్దెనిమిదిన్నర ఏళ్ళు! ప్యానెళ్ళు అవే, ఎండ అదే; తేడా అంతా మీటరులో ఉన్నది.

అప్పు తెచ్చి పెడితే మరొక లెక్క. నూటికి 10 వడ్డీ అయితే మొదటి ఏడాది వడ్డీయే రూ. 55,000. నెట్ మీటరు ఉన్న సంఘం కూడా ఏటా రూ. 97,000 చొప్పున కడితే అప్పు తీరేది తొమ్మిదో ఏట. నెట్ మీటరు లేని సంఘానికి ఆదా వడ్డీకే చాలదు; మిగతాది సభ్యుల బోనస్‌లో నుండి పోతుంది. కనుక పాలకవర్గం తీర్మానం చేయడానికి ముందు ఈ విషయాలు చూడాలి.

ఒకటి: మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి ధర కట్టరాదు. లోడును బట్టి వేసే స్థిర ఛార్జీలు సోలార్ పెట్టినా పోవు. యూనిట్ ఛార్జీ మాత్రమే ఆదా.

రెండు: ఎక్కువ ప్యానెళ్ళు పెట్టి కరెంటు అమ్ముకుందామని ఆశపడవద్దు. మిగులు యూనిట్లకు వచ్చే ధర సాధారణంగా మనం కొనే ధర కంటే తక్కువ. వాడకానికి తగినంతే పెట్టండి.

మూడు: లైనుతో కలిసి పనిచేసే సోలార్, బ్యాటరీ లేకపోతే, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైనుమన్ ప్రాణరక్షణకు ఆ ఏర్పాటు. కాబట్టి జనరేటర్ డీజిల్ ఖర్చును ఆదాలో చూపితే ఒప్పుకోకండి.

నాలుగు: 2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ సబ్సిడీ నివాస గృహాలకు ఉద్దేశించినది, సంఘ భవనానికి కాదు. అలాగే తరుగుదల చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చని కంపెనీలకు చెప్పే మాట మనకు పనికిరాదు. సభ్యుల పాలను సమాఖ్యకు పోసే ప్రాథమిక సంఘానికి ఆ లాభంపై పన్ను మినహాయింపు ముందే ఉన్నది.

ఐదు: 2025 సెప్టెంబరు 22 నుండి సోలార్ ప్యానెళ్ళపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు తీసుకున్న కొటేషన్లను పక్కనపెట్టి, కనీసం మూడు కొత్తవి తీసుకోండి.

సంఘం 1964 చట్టం కింద నమోదైనా, 1995 చట్టం కింద నమోదైనా, సర్వసభ్య సమావేశంలో ఈ లెక్కను సభ్యులకు చదివి వినిపించండి. రిజర్వు నిధిని తాకేముందు మీ నియమావళి చూడండి. సేకరణ తగ్గిపోతున్న సంఘం తొందరపడరాదు. అటువంటివారు ముందు కూలర్ కండెన్సర్ దుమ్ము దులిపించి, మూత రబ్బర్లు మార్పించండి. ఆదా అయిన యూనిట్‌ను మించిన చౌక యూనిట్ లేదు.

మీ పన్నెండు నెలల కరెంటు బిల్లులు, పాల సేకరణ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో నెట్ మీటరు మంజూరు సంగతి తేల్చుకోండి. అది తేలిన పిమ్మటే అడ్వాన్సు చెక్కు మీద సంతకం చేయండి.